కాటి సీను ముందు పొడి కళ్లు

శివరాత్రి జాగారానికి చేవెళ్ల దిక్కు ఒక ఊళ్లో ‘హరిశ్చంద్ర’ నాటకం చూశాం. రెండు ట్రాక్టర్ ట్రాలీలు కలిపి కట్టిన స్టేజీ, పట్నం నుంచి కిరాయికి తెచ్చిన పర్దాలు, హార్మోనియం, తబలా. ఆడినవాళ్లలో ఎక్కువమంది మావోళ్లే, వాడ మనుషులే. చంద్రమతి పాత్రకు మాత్రం బయటినుంచి ఒక ఆర్టిస్టును పిలిపించారు. రాత్రి పదింటికి మొదలైన నాటకం కాటి సీనుకు వచ్చేసరికి తెల్లవారుజాము మూడు దాటింది. అప్పటికీ జనం కదల్లేదు. చద్దర్లు కప్పుకుని ముందుకు జరిగి కూర్చున్నారు. ఆ సీను కోసమే వచ్చినవాళ్లు చాలామంది.

నాటకం బాగా కట్టారని ముందే చెప్పాలి. తర్వాత మేము రాయబోయేది చదివి ఎవరూ పొరపాటు పడకూడదు. హరిశ్చంద్ర వేషం కట్టిన అన్నకు శ్రుతి ఎక్కడా తప్పలేదు. పద్యం ఎత్తుకోవడం, మధ్యలో ఊపిరి దాచుకోవడం, చివరి పాదాన్ని సాగదీసి వదిలిపెట్టడం అన్నీ తెలిసిన మనిషి. బడికి సరిగా పోలేదు. పద్యాలన్నీ హార్మోనియం పంతులు దగ్గర విని విని నోటికి పట్టాడు. మా తాతలు పద్యం వినాలంటే దూరంగా నిలబడి వినాల్సిన ఊరు అది. ఆ ఊళ్లోనే మావోడు కిరీటం పెట్టుకుని పద్యం పాడితే పటేండ్ల పిల్లలు ‘వన్స్ మోర్’ అని అరిచారు. మా గుండె పొంగింది. అబద్ధం ఎందుకు?

కానీ ఏడుపు రాలేదు. ముగ్గురం పోయాం, ముగ్గురికీ రాలేదు. చుట్టూ మా వాడ జనమే కూర్చున్నారు, వాళ్ల కళ్లు కూడా చూశాం. పద్యానికి తలలు ఊపుతున్నారు, చప్పట్లు కొడుతున్నారు, కళ్లు మాత్రం పొడిగా ఉన్నాయి. కర్ర భుజాన వేసుకుని రాజు కాట్లో నిలబడి తన గతికి వగచే చోట మా పక్కనున్న పెద్దవ్వ ఒకామె అడిగింది: “గాయన ఎందుకేడుస్తుండు బిడ్డా? కొల్వు దొరికె గదా!”

మేము నవ్వాం. ఆమె నవ్వలేదు, నిజంగానే అడిగింది. ఈ వ్యాసం ఆ ప్రశ్నకు జవాబు వెతుక్కోవడానికే.

*

బాగా కట్టిన నాటకం మనసును తాకకపోతే తప్పెవరిది? మన ఆలంకారికులు దీనికి జవాబు ఎప్పుడో రాసి పెట్టారు. రసం పండాలంటే చూసేవాడు సహృదయుడై ఉండాలట. సహృదయుడంటే కావ్యాలు చదివి చదివి మనసు అద్దంలా తేటపడినవాడని అభినవగుప్తుడి నిర్వచనం. దీని ప్రకారం కాటి సీనుకు కన్నీరు రానివాడి అద్దానికి మసి పట్టింది. పెద్దవ్వ అరసికురాలు. ఆమెతోపాటు మేమూ.

ఇదే సంప్రదాయం నాటకం పుట్టుక గురించి చెప్పే కథ కూడా గుర్తు చేసుకోవాలి. వేదం వినే అర్హత శూద్రులకు లేదు కాబట్టి అన్ని వర్ణాలూ వినదగిన అయిదో వేదం కావాలని దేవతలు అడిగితే బ్రహ్మ నాట్యాన్ని సృష్టించాడని నాట్యశాస్త్రం మొదటి అధ్యాయం చెబుతుంది. నాలుగు వర్ణాలకు బయట ఊరి చివర ఉన్నవాళ్ల మాట అందులో రాదు. చివరికొచ్చేసరికి భరతుడి కొడుకులు మునులను ఎగతాళి చేశారని, శూద్రులైపోండని శాపం తిన్నారని ఉంటుంది. కిందికి పడిపోవడమే శిక్ష, కిందివాడిగా మారడమే దుఃఖం. హరిశ్చంద్ర కథకు ఇరుసు కూడా ఇదే.

ఆ కథను ఒకసారి మా దిక్కు నుంచి చదవాలి. గౌరన ద్విపద కావ్యంలో విశ్వామిత్రుడు మాతంగ కన్యలను సృష్టించి రాజు మీదికి పంపుతాడు. తర్వాత స్టేజీ హరిశ్చంద్రలోకీ ఆ ఘట్టం వచ్చింది. ఆడి పాడి మెప్పించిన ఆ ఆడపిల్లలు తమను పెళ్లాడమంటారు. సత్యసంధుడు, అడిగినవాడికి లేదనని దాత, ఇక్కడ మాత్రం లేదంటాడు. కులం చెడుతుందంటాడు. ఆ పంతం చివరికి రాజ్యం పోవడం దాకా పోతుంది. అంటే రాజ్యాన్నయినా వదులుకున్నాడు గానీ మాతంగి పిల్లల చేయి పట్టలేదు. సినిమాలో ఇది డ్యాన్సు పాటగా పోతుంది. ఊరి నాటకంలో అయితే పావుగంట హాస్యం. మాతంగి పేరు ఇంటి దేవతగా చెప్పుకునే మాదిగ వాడలో, ఆ దేవత పేరున్న పిల్లల్ని తోసిపుచ్చినందుకు ఒక రాజు గొప్పవాడవుతుంటే మేము బీడీలు తాగుతూ చూస్తున్నాం.

తర్వాత వీరబాహుడు. మొహానికి నల్లరంగు పూసుకుని, కల్లు ముంత చేతబట్టి తూలుతూ వస్తాడు. జనం పడీపడీ నవ్వుతారు. రాజును కొనుక్కున్న యజమాని ఇతడే. మార్కండేయ పురాణం చూస్తే ఆ చండాలుడు కూడా చండాలుడు కాడు, ధర్మదేవతే ఆ వేషం వేసుకున్నాడు. మాతంగ కన్యలు ఒక ముని సృష్టి, వీరబాహుడు ఒక దేవుడి మారువేషం. ఇంత పెద్ద కథలో అంటరానివాళ్లుగా కనిపించేవాళ్లలో ఒక్కరు కూడా అసలు మనిషి కాదు. మా చోటు ఉంది, మా పని ఉంది, మా కర్ర ఉంది. మేమే లేము.

ఇప్పుడు పెద్దవ్వ ప్రశ్న మళ్లీ వినండి. గోతి తవ్వడం, డప్పు కొట్టడం, చావు కబురు చుట్టుపక్కల ఊళ్లకు మోసుకుపోవడం ఆమె ఇంట్లో తరాలుగా నడిచిన వెట్టి. దాన్ని చూసి ఎవరూ ఏడవలేదు. అదే పని ఒక క్షత్రియుడు కొద్దికాలం చేస్తే విషాదమైంది. ‘అయ్యో, ఎలాంటివాడు ఎలాంటి గతికి వచ్చాడు!’ అని ప్రేక్షకుడు అనుకుంటేనే కాటి సీను పనిచేస్తుంది. ఆ ‘ఎలాంటి గతి’ మా ఇంటి అడ్రసు. మా బతుకును చూసి మేమే జాలిపడి ఏడవాలని నాటకం అడుగుతుంది. ఆ ఏడుపు రాకపోతే రసహీనత ఎట్లవుతుంది?

*

అయితే ఇక్కడ ఒక చిక్కు ఉంది. కాటి సీనులో జనం వన్స్ మోర్ కొట్టే పద్యాలు జాషువావి. బలిజేపల్లి లక్ష్మీకాంతం నాటకం 1912 నాటిది. జాషువా శ్మశానం మీద రాసిన పద్యాలను తర్వాత నటులు తెచ్చి అందులో కలిపి పాడారు. అవి ఎంతగా అతుక్కుపోయాయంటే, ఊళ్లల్లో చాలామందికి అవి జాషువావని తెలియదు, హరిశ్చంద్రుడివే అనుకుంటారు. డి.వి. సుబ్బారావు గొంతులో వాటిని వినని తెలుగు ఊరు అరుదు. మా అన్న కూడా ఆ బాణీనే పట్టాడు.

వినుకొండలో పుట్టి, కులం పేరుతో అడుగడుగునా అవమానం మింగిన కవి (1895–1971), చావు ముందు రాజూ పేదా ఒకటేనని రాశాడు. ఆ మాటను తీసుకుపోయి, చండాలుడి కొలువులో ఉన్నందుకు కుమిలిపోతున్న రాజు నోట్లో పెట్టారు. పద్యమేమో అందరూ సమానమంటుంది. సీనేమో సమానమైపోయినందుకు ఏడుస్తుంది. ఈ రెండింటి మధ్య ఉన్న పగులును ఇన్నేళ్లుగా సంగీతం కప్పిపెట్టింది. పద్యానికి తల ఊగుతుంది, సీనుకు కన్ను చెమ్మగిల్లదు. మా వాళ్లు తల ఊపింది జాషువాకు. మా కళ్లు పొడిగా ఉన్నది హరిశ్చంద్రుడికి.

ఇంకో మాట కూడా అనాలి. చచ్చినాక అందరూ ఒకటేనన్నది కవి ఆశ. మా ఊళ్లల్లో ఏ కులం బొందలగడ్డ ఆ కులానిదే. జాషువాకు ఇది తెలియక కాదు. ‘గబ్బిలం’ (1941) రాసిన మనిషికి గుడి తలుపు ఎవరికి తెరుచుకోదో తెలుసు. ఆ కావ్యంలో మాట్లాడేది అంటరానివాడే, వేషం వేసుకున్న దేవుడు కాదు. దాన్ని మాత్రం ఏ నాటక సమాజమూ రాత్రంతా వన్స్ మోర్ కొట్టించుకునేలా ఆడలేదు.

*

చిన్నప్పుడు ఒక డ్రామా కంపెనీ ఆడిన హరిశ్చంద్రను చూసి ఎంత కదిలిపోయాడో గాంధీ తన ఆత్మకథలో రాసుకున్నాడు. దాన్ని తనలో తాను లెక్కలేనన్నిసార్లు ఆడుకున్నాడట, తలుచుకుంటే ఏడుపొచ్చేదట. ఆ కన్నీళ్లను మేము శంకించడం లేదు. కానీ మళ్లీ జన్మంటూ ఉంటే అంటరానివాడిగా పుట్టాలని 1921లో ఆయన అన్న మాటకూ, కాట్లో కర్ర పట్టిన రాజుకూ దగ్గరి చుట్టరికం ఉందనిపిస్తుంది. రెండింటిలోనూ అంటరానితనం ఒక గొప్పవాడి పరీక్ష. పరీక్ష ముగిస్తే దేవతలు దిగి రాజ్యం తిరిగిస్తారు. ఆ కాటికి అసలు కాపరి ఎవడో వాడు మర్నాడు పొద్దున కూడా అక్కడే ఉంటాడు.

ఇలాంటి నాటకం స్టేజీ మీదే జరగాలని లేదు. 2018 ఏప్రిల్‌లో హైదరాబాద్ జియాగూడ రంగనాథస్వామి గుడిలోకి ఒక దళిత యువకుణ్ని భుజాల మీద ఎక్కించుకుని తీసుకుపోయారు చిలుకూరు బాలాజీ ఆలయ అర్చకులు సి.ఎస్. రంగరాజన్. చిలుకూరు ఉన్నది మా పక్క మొయినాబాద్ మండలంలోనే కాబట్టి ఈ దిక్కు దాని గురించి చాలా రోజులు మాట్లాడుకున్నారు. శ్రీరంగంలో తిరుప్పాణాళ్వారును లోకసారంగ ముని మోసిన కథను మళ్లీ ఆడి చూపించారు, మునివాహన సేవ అని పేరు. మేళం, వేదమంత్రాలు, పూలు, కెమెరాలు, అన్నీ అమరాయి. చేసినవారి ఉద్దేశాన్ని తప్పుపట్టడం మా పని కాదు, అటువంటి పనికి కూడా ధైర్యం కావాలి. కానీ పత్రికల్లో ఫొటో చూసి చాలామంది కళ్లనీళ్లు పెట్టుకున్నామంటే మాకు ఎందుకు రాలేదో చెప్పాలి. ఫొటోలో మన చూపు ఎవరి మీద నిలుస్తుంది? మోసేవాడి మీద. భుజం మీదివాడు తన కాళ్లతో తాను ఆ గడప దాటి ఉంటే ఫొటోయే లేదు. 1927లో మహాడ్ చెరువుకు జనం నడిచే పోయారు.

*

ఏడుపు రాని ప్రతి నాటకమూ విఫలమైనట్టేనా అంటే, కాదు. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో మొదలైన సురభి వాళ్ల ‘మాయాబజార్’ను మేము హైదరాబాదులో నోరు తెరుచుకుని చూశాం. తీగల మీద మనుషులు ఎగురుతుంటే, రెప్పపాటులో పర్దా మారుతుంటే చిన్నపిల్లలమైపోయాం. వాళ్లు మమ్మల్ని ఏడవమని అడగలేదు, అబ్బురపడమన్నారు, పడ్డాం. లెక్క సరిపోయింది. చిందోళ్లు ఆడే జాంబపురాణంలోనూ ఏడుపు లేదు. భూమి పుట్టకముందు ఆరు నెలలకే పుట్టినవాణ్నని జాంబవుడు బ్రాహ్మణుడితో వాదం పెట్టుకుంటాడు. చూస్తున్న మాదిగ వాడ సగం నాటకంలోనే ఉంటుంది. మధ్యలో మాట అందిస్తారు, ‘అడుగు, అడుగు’ అని ఎగదోస్తారు. ఆ రాత్రి వెన్ను నిటారుగా పెట్టుకుని ఇంటికి పోతాం. అదీ కదలడమే. మన సాహిత్య శాస్త్రం దానికి ఏ రసం పేరు పెడుతుందో మాకు అవసరం లేదు.

మా సొంత నాటకాల సంగతి దాటేస్తే ఈ విమర్శ నిజాయితీ కాదు. కారంచేడు (1985), చుండూరు (1991) తర్వాత పుట్టిన బృందాలవి, విద్యార్థి సంఘాలవి ఎన్నో చూశాం, కొన్నిట్లో మేమే ఆడాం. వాటిలో చాలావాటికి మాకు కన్నీళ్లు రాలేదు. రిహార్సలు తక్కువై కాదు. లైట్లు బాగుంటాయి, కోరస్ బాగుంటుంది, డప్పు దరువు గుండెల్లో మోగుతుంది. కానీ దొర రాగానే దొర ఏమంటాడో తెలుసు, ఆడపిల్ల బిందెతో కనపడగానే ఏం జరగబోతుందో తెలుసు, ఎర్రలైటు ఎప్పుడు పడుతుందో తెలుసు. మావాళ్లమే అయ్యుండి మా వాళ్ల చావును ఒక గుర్తుగా, నినాదానికి ముందుమాటగా చేశాం. ఆ చచ్చిపోయిన పిల్లకు ఏ కూర ఇష్టమో, ఎవరితో కోపమొచ్చి మాట్లాడ్డం మానేసిందో నాటకంలో ఉండదు. హరిశ్చంద్రలో మా చోటు ఉండి మేము లేమన్నాం. మా నాటకాల్లో కూడా చాలాసార్లు మా చావు ఉంది, మేము లేము. అందుకే బోయి భీమన్న ‘పాలేరు’ను చూసి పిల్లల్ని బడిలో వేశారని పెద్దలు చెప్పుకునే మాటకు మేము విలువిస్తాం. అక్కడ ఒక పిల్లవాడు ఉన్నాడు, వాడికి చదువు మీద ఆశ ఉంది. ఎం.ఎం. వినోదిని ‘దాహం’ నీళ్ల చుట్టూ తిరుగుతుంది. నీళ్లు ఎవరి గొంతుకు కావాలో మరిచిపోదు.

*

ఇక మళ్లీ కాటి సీను దగ్గరికి రావాలి. ఎందుకంటే ఆ రాత్రి మా కళ్లు పూర్తిగా పొడిగానే ఉన్నాయనడం కూడా నిజం కాదు. ఒకచోట, ఒక్క నిమిషం, ఏదో గొంతులో అడ్డం పడింది.

చంద్రమతి కొడుకు శవం మోసుకుని వస్తుంది. చీకటి. కాటికాపరి అడ్డం నిలబడతాడు. సుంకం కట్టనిదే కాల్చడానికి వీల్లేదంటాడు. ఆమె దగ్గర పైసా లేదు. ఈ ఆడది ఎవరో అతనికి తెలియదు, అతనెవరో ఆమెకు తెలియదు. సచ్చిన పిల్లను దాచుకోవడానికి జాగ అడుగుతున్న ఒక పేద తల్లి, ఇయ్యనంటున్న ఒక కూలివాడు, అంతే. ఆ తర్వాత ఆమె మెళ్లో తాళి అతనికి కనపడుతుంది. అది మొగుడికి తప్ప వేరేవాళ్లకు కనపడని తాళి. అప్పుడు గుర్తుపడతాడు. అక్కడినుంచి మళ్లీ రాజు, రాణి, యువరాజు. మళ్లీ పద్యాలు, మళ్లీ వన్స్ మోర్.

గుర్తుపట్టకముందు నడిచే ఆ కాసేపే ఈ నాటకంలో మా కథ. అక్కడ పద్యం పెద్దగా లేదు, వచనమే. అందుకని ఆడేవాళ్లు గబగబా దాటేస్తారు. ఆ రాత్రి కూడా రెండు నిమిషాలు పట్టలేదు. పట్నం ఆర్టిస్టు గొంతు మంచిది, ఆలాపన చేసింది, కానీ ఆ రాగంలో ఏడుపు నున్నగా జారిపోయింది. మా వాడలో పిల్ల సచ్చిన తల్లి రాగం తీయదు, శోకం పెడుతుంది. నాకు నీళ్లు తెచ్చిస్తివి, మేకను తోలుకొస్తివి, నిన్న సల్లబువ్వ అడిగితె కొడితినే అని సచ్చినోళ్ల పనులు, తన తప్పులు ఒక్కొక్కటిగా చెప్పుకుంటూ ఏడుస్తుంది. ఆ శోకాల ముందు పద్యం నిలవదు. నాటకం పుట్టినప్పటినుంచి వాటిని స్టేజీ ఎక్కనివ్వలేదు.

పొద్దున మొహం రంగు కడుక్కుని హోటల్ కాడ చాయ్ తాగుతూ అన్న అడిగాడు:

“ఎట్లుంది తమ్మీ?”

“మస్తు పాడినవే అన్నా. సుతి ఒక్కకాడ తప్పలే.”

“పాట సంగతి అడుగుతలేను. ఏడ్పొచ్చిందా?”

మేము ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. రాలేదన్నాం. ఆయన నొచ్చుకుంటాడనుకున్నాం. కప్పు కింద పెట్టి, “నాగ్గూడ ఆడ రాదు” అన్నాడు. “పద్యం మీదనే పానముంటది, యాడ సుతి తప్పుతదో అని. గాని ఆ పిల్ల పైసల్ లేవంటది సూడు, సుంకం కట్ట. గప్పుడొస్తది. నేనేమో ఆమెను గద్దియ్యాలె. గద్దిచ్చుకుంటనే లోపల అయితాంటది.”

కాసేపటికి చెప్పాడు. వాళ్ల నాయిన పోయిననాడు మావోళ్ల బొందలగడ్డకు పోయే బాటకు కంచె అడ్డం ఉందట. భూమి చేతులు మారింది, కొన్నోళ్లు ఎవరో కూడా ఊరికి తెలియదు. 1996 నాటి 111 జీవో ఉన్నా మొయినాబాద్ దిక్కు ఫాంహౌసులు లేస్తూనే వచ్చాయి. 2022లో ఆ ఆంక్షలు ఎత్తేస్తామన్నాక అక్కడ ఎకరం ధర మనలాంటోళ్లు నోటితో పలికే లెక్క కాదు. శవాన్ని దింపి, కంచె కాడ కావలున్న మనిషిని బతిమిలాడారు. ఆ కావలి మనిషి కూడా మనోడే, వేరే జిల్లా నుంచి వచ్చినోడు. సేటుకు ఫోన్ చేయనిదే వదలనన్నాడు. ఫోన్ ఎత్తేదాకా రెండు గంటలు శవం ఎండలో ఉంది.

“ఆని మీద నాకు కోపం రాలే తమ్మీ. ఆనిది కొల్వు” అన్నాడు.

పెద్దవ్వ అన్న మాటే మళ్లీ వినబడింది. వేషానికి ఈయన ముప్పై ఏండ్లుగా రాజు. ఆ పొద్దు మాత్రం కాటికాపరి ముందు నిలబడ్డ చంద్రమతి. రెండు దిక్కులూ తెలిసిన నటుడు ఈ సీనుకు ఇంతకన్నా దొరకడు. అయినా ఆ ముక్క రెండు నిమిషాల్లో దాటిపోతుంది.

పద్యాలు నాలుగు తగ్గించి ఆ ముక్క నెమ్మదిగా ఆడితే ఎట్లుంటదని అడిగాం. తల అడ్డంగా ఊపాడు. “పద్యం తీస్తె ఊరోళ్లు ఊకుంటరా? చందాలు ఇచ్చుడే దానికి.” హార్మోనియం పంతులు కూడా ఒప్పుకోడన్నాడు. మళ్లీ ఆయనే కొంచెంసేపాగి, “పద్యం తియ్యకుంట దాంట్లనే జర పెంచొచ్చు. ఆమె మాటలు పెంచాలె. గవి ఎవలు రాయాలె? మీరే రాసియ్యిండ్రి, సదువుకున్నోళ్లు గదా” అన్నాడు.

ఒప్పుకుని వచ్చాం. రెండు నెలలైంది. వ్యాసమైతే రాయగలిగాం గానీ ఆ ముక్క ఇంకా కుదరలేదు. రాసిన రెండు సార్లూ చంద్రమతి మా సెమినారు పేపర్ లాగా మాట్లాడింది. పోయిన వారం మళ్లీ చేవెళ్ల బస్సెక్కి పోయి, ఆ పెద్దవ్వను శోకం ఎట్ల ఎత్తుకుంటారో చెప్పమన్నాం. సచ్చినోళ్లు లేకుండా శోకం పెట్టొద్దని, ఇంటికి మంచిది కాదని ఆమె చెప్పలేదు. ఎవరైనా పోయిననాడు కబురు పెడతా, వచ్చి ఇనుండ్రి అంది.